రోడ్డు పక్క చెట్టు కారు మీద పడితే: అపోహలు - వాస్తవాలు

ఈదురుగాలి వాన కురిసిన మర్నాడు మోటారు క్లెయిములు చూసే ప్రతివాళ్లకీ ఒకటే ప్రశ్న ఎదురవుతుంది: "జీహెచ్ఎంసీ చెట్టు కారు మీద పడిందండీ, వాళ్ల దగ్గర డబ్బు ఎలా వసూలు చేయాలి?" అడిగేవాళ్ల కంగారు అర్థమవుతుంది. ఈఎంఐ ఇంకా తీరని కారు కళ్ల ముందే నుజ్జయితే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ ఆ కంగారులో వార్డు ఆఫీసు చుట్టూ పది రోజులు తిరిగి, ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం ఫోన్ చేయరు. డబ్బు పోయేది అక్కడే.

అపోహ: చెట్టు ప్రభుత్వానిది, కాబట్టి నష్టం ప్రభుత్వమే కడుతుంది.

కట్టదు. చెట్టు ఎవరిదన్నది ఒక్కటే చాలదు, వాళ్ల నిర్లక్ష్యం రుజువు కావాలి. 1975లో రాజ్‌కోట్‌లో నడిచి వెళ్తున్న ఒకాయన మీద రోడ్డు పక్క చెట్టు కూలి ఆయన చనిపోయారు. కింది కోర్టు, గుజరాత్ హైకోర్టు కుటుంబానికి పరిహారం ఇమ్మన్నాయి. 1997లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చెట్టు కూలే స్థితిలో ఉందని కార్పొరేషన్‌కు ముందే తెలుసనడానికి ఆధారం లేదన్నది ముఖ్య కారణం. మనిషి ప్రాణం పోయిన కేసులోనే ఇంత గట్టి రుజువు అడిగారు. బానెట్ సొట్టపోయిన కేసులో అడగకుండా ఉంటారా?

కాబట్టి దావా నిలబడాలంటే బలమైన ఆధారం ఒకటుంది: చెట్టు పడకముందే రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదు. దాని నంబరు, తేదీ, ఫొటో ఉండాలి. రెండోది పడిన చెట్టు మొదలు. బోలుగా ఉందా, చెదలు పట్టిందా, కేబుల్ తవ్వకాల్లో వేళ్లు తెగాయా, మొదలు దాకా కాంక్రీటు పోశారా, కరెంటు తీగల కోసం ఒకవైపు కొమ్మలే కొట్టేసి బరువంతా రెండోవైపు వదిలేశారా, అన్నీ ఫొటోలు తీయండి. డీఆర్ఎఫ్ (విపత్తు సహాయక దళం) సిబ్బంది చెట్టును కోసి తీసుకెళ్లాక ఆ సాక్ష్యం ఇక దొరకదు.

దావాకు మూడేళ్ల గడువు ఉందన్న ధీమా కూడా వద్దు. చట్టం కింద చేయాల్సిన పని చేయలేదని పరిహారం అడిగితే లిమిటేషన్ చట్టం 72వ ఆర్టికల్ ప్రకారం గడువు ఏడాదే. రోడ్డు ఆర్ అండ్ బీ లాంటి ప్రభుత్వ శాఖదైతే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. కార్పొరేషన్ల నోటీసు నిబంధనలు వాటి చట్టాల్లోనే ఉంటాయి, వకీలుతో ముందే చూపించుకోండి.

అపోహ: ఇన్సూరెన్స్ ఉంది కదా, వస్తుంది.

ఏ ఇన్సూరెన్స్? థర్డ్ పార్టీ పాలసీ మీ వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే, మీ కారుకు రూపాయి ఇవ్వదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. మీ కారు నష్టానికి డబ్బిచ్చే ఓన్ డ్యామేజ్ (ఓడీ) మాత్రం చాలామందికి మొదటి ఏడాదికే ఉంటుంది. పాలసీ కాగితం మీద మూడేళ్ల తేదీ చూసి నిశ్చింతగా ఉంటారు, చెట్టు పడేది రెండో ఏడాదిలో. ఈ రోజే పాలసీ తీసి ఓడీ గడువు తేదీ విడిగా చూడండి. అయిపోయి ఉంటే ఓడీ ఒక్కటే విడిగా కొనవచ్చు.

ఇక "దైవాధీనం కాబట్టి క్లెయిమ్ రాదు" అనేది వట్టి పుకారు. తుఫాను, గాలివాన, వడగళ్లు, బయటి వస్తువు తగిలి జరిగిన ప్రమాదం, ఇవన్నీ ప్యాకేజీ పాలసీలో (థర్డ్ పార్టీ, ఓడీ రెండూ కలిసినది) రాసే ఉంటాయి. 2014లో హుద్‌హుద్ విశాఖలో చెట్లు కూల్చినట్టు తుఫాను కూల్చినా ఈ మాట మారదు.

డబ్బు ఎంత వస్తుంది? మూడున్నరేళ్ల కారు అనుకుందాం, జీఎస్టీ పక్కన పెడదాం. రేకు భాగాలు 30,000, ప్లాస్టిక్ 8,000, ముందు అద్దం 9,000, పెయింటింగ్ 16,000, లేబర్ 12,000, మొత్తం 75,000. పాతబడిన భాగాలకు తరుగుదల కింద కంపెనీ కొంత కోస్తుంది: రేకు మీద ఆ వయసుకు 25 శాతం, అంటే 7,500 కోత. ప్లాస్టిక్ మీద సగం, 4,000. అద్దం మీద కోత లేదు. పెయింటింగ్ బిల్లులో పావు వంతును మెటీరియల్‌గా లెక్కేసి అందులో సగం, 2,000. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి మినహాయింపు (ప్రతి క్లెయిములో మీరే భరించేది) 1,000. మీ చేతి నుంచి 14,500, కంపెనీ 60,500. జీరో డెప్ (తరుగుదల కోయని అదనపు కవర్) ఉంటే కోతలు చాలావరకు పోతాయి. మరమ్మతు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన కారు విలువ) 75 శాతం దాటితే కారును టోటల్ లాస్ (పూర్తిగా పోయినట్టు) కింద లెక్కేస్తారు. చిన్న సొట్టే అయితే, పోయే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఎంతో లెక్క చూసుకున్నాకే క్లెయిమ్ పెట్టండి.

ఆ రోజు చేయాల్సింది: తీగలు తెగి ఉంటే కారు దగ్గరికి వెళ్లకుండా కరెంటు హెల్ప్‌లైన్ 1912కు ఫోన్ చేయండి. నంబర్ ప్లేటు, చెట్టు ఒకే ఫ్రేములో వచ్చేలా ఫొటోలు తీయండి. కొమ్మను లాగకండి, రేకు మీద కొత్త గీతలు పడతాయి. అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి ఇంటిమేషన్ (సమాచారం) ఇచ్చి, వాళ్లిచ్చే నంబరు రాసుకోండి. నష్టం అంచనా వేసే సర్వేయర్ చూడకముందు డెంటింగ్ మొదలుపెట్టించకండి. అద్దం పగిలిన కారును నడుపుకుంటూ వెళ్లకండి. మరమ్మతుకు ముందు నడిపితే పెరిగిన నష్టం మీదేనని పాలసీ షరతు. టోయింగ్‌కు మామూలు పాలసీలో 1,500 దాకా వస్తుంది.

మిగతావి క్లుప్తంగా. ఎఫ్ఐఆర్ లేకుంటే క్లెయిమ్ రాదన్నది తప్పు, ఎవరికీ గాయం కాకపోతే సాధారణంగా అవసరం పడదు. ఇంటి పన్ను కడుతున్నామని కార్పొరేషన్ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం దండగ, పన్ను సేవకు ధర కాదు. ఇన్సూరెన్స్ తీసుకుంటే కార్పొరేషన్ మీద హక్కు పూర్తిగా పోదు: ఇచ్చినంత మేర హక్కు కంపెనీకి వెళ్తుంది, పై లెక్కలో మీ చేతి నుంచి పోయిన 14,500 కోసం మీరు అడగవచ్చు. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతలో ఫిర్యాదు, నెలలో తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే అధికారి). ఫీజు లేదు.

ఇంటి ముందు ఎండిన తురాయి చెట్టు ఉంటే మీరే కొట్టేయకండి, వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) కింద అనుమతి కావాలి. కార్పొరేషన్‌కు రాతలో ఫిర్యాదు ఇచ్చి, రసీదును పాలసీ కాగితంతో కలిపి దాచండి.