కేబుల్ మీది నెంబర్ చూసి మురిసిపోకండి: సర్వర్ వైర్లపై అపోహలు - వాస్తవాలు

మొన్న పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ఫోన్ చేశారు. కొత్త సర్వర్ కొన్నారు, బిల్లింగ్ మాత్రం పాత దానికంటే నత్తనడక నడుస్తోందట. "ఎనిమిదో నెంబర్ కేబులే తెప్పించానండీ, ఇంకేటి కావాలి దీనికి?" అన్నారు.

వెళ్లి చూశాను. సర్వర్ నుంచి గోడలోని పోర్ట్ దాకా క్యాట్ 8 (క్యాట్ నెంబర్ అంటే కేబుల్ రకం) ప్యాచ్ కార్డ్, అంటే రెండు కొసలా జాక్ ఉన్న పొట్టి కేబుల్, వేలంత లావుంది. అక్కడి నుంచి స్విచ్ (కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ పెట్టె) దాకా గోడలో ఎప్పుడో వేసిన వైరు. స్విచ్ దగ్గర జాక్ ఊడదీసి వెలుగులో పెట్టి చూస్తే, గోధుమ రంగు జతలో ఒక వైరు కొస దాకా చేరలేదు, మిల్లీమీటరు వెనకే ఆగిపోయింది. కేబుల్‌లో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలిక పడి ఉంటాయి. గిగాబిట్‌కి (1000 మెగాబిట్ల స్పీడ్‌కి) నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్‌కి రెండు చాలు. జత తెగితే చాలా నెట్‌వర్క్ కార్డులు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. జాక్ మళ్లీ కొట్టాను, లింక్ 1000కి ఎక్కింది. ఆ క్యాట్ 8 ముక్కలో లోపమేమీ లేదు, ఉపయోగమూ లేదు.

అపోహ: నెంబర్ పెరిగితే స్పీడ్ పెరుగుతుంది.

స్పీడ్‌ని తేల్చేది రెండు చివర్ల పోర్టులు, మధ్యలో అన్నిటికంటే బలహీనమైన ముక్క. క్యాట్ 5ఈ మీద 100 మీటర్ల దాకా 1 గిగాబిట్ హాయిగా వెళ్తుంది. 2016లో వచ్చిన ప్రమాణం ప్రకారం 2.5 గిగాబిట్ కూడా వెళ్తుంది. క్యాట్ 6 మీద 10 గిగాబిట్ కావాలంటే దూరం 55 మీటర్ల లోపే, వైర్లు కట్టలు కట్టలుగా ఉంటే ఇంకా తక్కువ. పూర్తి 100 మీటర్లకి క్యాట్ 6ఏ కావాలి. క్యాట్ 8 పుట్టింది డేటా సెంటర్లలో 25, 40 గిగాబిట్ల కోసం, అదీ 30 మీటర్ల వరకే. శ్రీకాకుళం, విజయనగరం ఆఫీసుల్లో అలాంటి పోర్ట్ ఉన్న స్విచ్ నాకు ఇంతవరకు తగల్లేదు. ఇక క్యాట్ 7 అనేదాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ టీఐఏ అసలు గుర్తించలేదు.

నన్నడిగితే గోడల్లో వేసేది క్యాట్ 6, ముందు ముందు 10 గిగాబిట్ ఆలోచన ఉంటే సర్వర్ నుంచి స్విచ్ దాకా మాత్రం క్యాట్ 6ఏ. 100 మీటర్లంటే గోడలో 90, రెండు వైపులా ప్యాచ్ కార్డులు కలిపి 10 అని లెక్క.

అపోహ: రాగి రంగులో ఉంటే రాగే.

నాకు ఎక్కువగా ఒళ్లు మండేది ఇక్కడే. బజారులో సగం ధరకి దొరికే బాక్సుల్లో చాలావాటి మీద చిన్న అక్షరాలతో సీసీఏ అని ఉంటుంది. అంటే అల్యూమినియం తీగకి పైన రాగి పూత. వన్ గ్రామ్ గోల్డ్ గాజు లాంటిదే. దీని రెసిస్టెన్స్ రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది, రెండు మూడు సార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. అదే వైరు మీద కెమెరాలకి కరెంటు కూడా పంపితే వేడెక్కుతుంది. కొస దగ్గర పూత లేచి గాలి తగిలితే అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర పడుతుంది. కళింగపట్నం వైపు ఉప్పుగాలిలో అయితే మరీను.

కనిపెట్టడం కష్టమేమీ కాదు. బ్లేడుతో తీగని గీకండి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. అసలు బాక్సు ఎత్తగానే చేతికి తెలిసిపోతుంది, రాగి అల్యూమినియం కంటే మూడు రెట్లకి పైనే బరువు. సర్వర్ మీద లక్షలు పోసి, వైరు దగ్గర పదిహేను వందలు మిగుల్చుకునే వాళ్లని చూస్తే ఏమనాలో తోచదు.

అపోహ: టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగితే పని అయిపోయినట్టే.

ఆ చిన్న టెస్టర్ చెప్పేది ఒక్కటే, ఈ చివరి తీగ ఆ చివరికి చేరిందని. జతలు సరిగ్గా పడ్డాయో లేదో దానికి తెలియదు. కొత్తగా పని నేర్చుకునే గుంటలు రెండు చివర్లా ఒకటే కదా అని రంగులు వరసగా పేర్చేస్తారు, 3, 6 స్థానాల్లోకి వేర్వేరు జతల తీగలు వెళ్తాయి. లైట్లన్నీ వెలుగుతాయి, ఫైల్ కాపీ పెడితే మాత్రం నెట్‌వర్క్ ఎక్కిళ్లు పెడుతుంది. రంగుల వరసకి ఉన్న ఏ, బీ పద్ధతుల్లో ఏది పాటించినా స్పీడ్ ఒకటే, రెండు చివర్లా అదే ఉండాలి. జాక్ దగ్గర మెలికలు అర అంగుళానికి మించి విప్పొద్దు.

అపోహ: షీల్డ్ (తీగల చుట్టూ లోహపు తొడుగు) ఉన్న కేబుల్ ఎప్పుడూ మంచిది.

ఎర్త్ సరిగ్గా ఇస్తేనే. పాత బిల్డింగుల్లో ఎర్త్ సంగతి మీకు తెలిసిందే. పెద్ద మోటార్ల పక్క నుంచి వెళ్తే తప్ప మామూలు ఆఫీసుకి యూటీపీ, అంటే షీల్డ్ లేని కేబుల్, చాలు.

రెండు బిల్డింగుల మధ్య అయితే ఏ రాగి వైరూ వద్దు. బొబ్బిలి దగ్గర ఒక మిల్లులో షెడ్డు నుంచి ఆఫీసుకి కేబుల్ గాలిలో వేలాడదీశారు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఉరుములు, మెరుపులు. తెల్లారేసరికి స్విచ్ పోర్టులు, సర్వర్ లాన్ పోర్ట్ అన్నీ పోయాయి. ఇప్పుడక్కడ లోపల లోహం లేని ఫైబర్ (వెలుతురుతో డేటా మోసే గాజు తీగ) ఉంది. గాజు కదా, విరిగిపోతుందేమో అని భయపడ్డారు. మరీ మడత పెట్టకుండా పైపులో వేస్తే దానికి ఏమీ కాదు. ఓఎమ్3 రకం ఫైబర్ 10 గిగాబిట్‌ని 300 మీటర్లు మోస్తుంది, సింగిల్ మోడ్ అనే ఇంకో రకం అయితే కొసల్లో పెట్టే సరైన మాడ్యూళ్లతో కిలోమీటర్లు.

అపోహ: సర్వర్‌కి రెండు కేబుళ్లు పెడితే స్పీడ్ రెట్టింపు.

స్విచ్‌లోనూ సర్వర్‌లోనూ బాండింగ్ (రెండు కేబుళ్లని ఒకటిగా కలపడం) సెట్ చేసినా, మామూలుగా ఒక ఫైల్ కాపీ ఒక వైరు మీదే వెళ్తుంది. చాలామంది ఒకేసారి పని చేస్తే భారం పంచుకుంటాయి, అంతే. నేను రెండోది పెట్టించేది ఒకటి పోయినా పని ఆగకూడదని. పెట్టాక భోజనాల వేళ ఒకటి పీకి చూడండి. బిల్లింగ్ ఆగిందంటే సెట్టింగ్ కుదరలేదన్నమాట, అది సెట్ చేసిన కుర్రాణ్ణి మళ్లీ పిలవండి.