"వాడు ఇంటికొచ్చాక నీరసం": ఒక యుద్ధ నవల మీద అపోహలు - వాస్తవాలు

జో హాల్డెమన్ సైన్స్ ఫిక్షన్ నవల ‘ది ఫరెవర్ వార్’, మాండెల్లా అనే సైనికుడు అంతరిక్షంలో యుద్ధానికి వెళ్ళి భూమికి తిరిగొచ్చే కథ. ఆ పుస్తకం లైబ్రరీకి తిరిగొచ్చినప్పుడు ఓసారి అంచులు చూడండి. మొదటి పేజీలు నలిగి ఉంటాయి, మిగతావి కొత్తగా పెళపెళలాడుతుంటాయి. అమలాపురంలో అడిగినా నరసాపురంలో అడిగినా అదే మాట: "మొదట్లో యుద్ధం బాగుందండి, వాడు ఇంటికొచ్చాక నీరసం." ఎవరో రాసిన రెండు ముక్కలు చదివి ఆ మాట పట్టుకొచ్చినవాళ్ళే ఎక్కువ.

అపోహ: ఇది పోరాటాల కోసం చదవాల్సిన పుస్తకం. భూమికి తిరిగొచ్చిన భాగం సాగదీత.

వాస్తవం: తిరిగి రావడమే కథ. కావాలంటే లెక్క వేసి చూడండి. అన్నకి 22 ఏళ్ళు, తమ్ముడికి 10. కాంతి వేగంలో 99 శాతంతో వెళ్ళే నౌకలో అన్న తన గడియారం ప్రకారం రెండేళ్ళు తిరిగొచ్చాడనుకుందాం. ఆ వేగం దగ్గర భూమ్మీద కాలం సుమారు ఏడు రెట్లు గడుస్తుంది. అన్నకి 24 వచ్చేసరికి తమ్ముడికీ 24. వేగం 99.9 శాతమైతే 22 రెట్లు. అప్పుడు గుమ్మంలో ఎదురొచ్చే తమ్ముడికి 54 దాటి ఉంటాయి, "అన్నయ్యా" అనడానికి నోరు రాదు. నవలలో నౌక అంతరిక్షంలో ఒకచోట మాయమై ఎంతో దూరాన తేలే దూకులు క్షణంలో అయిపోతాయి. కాలాన్ని మింగేది అలా దూకే చోట్ల మధ్య కాంతి వేగానికి దగ్గరగా చేసే ప్రయాణమే.

రచయిత దీన్ని దాచిపెట్టలేదు. భాగాల పేర్ల దగ్గరే సంవత్సరాలు వేశాడు: సార్జెంట్ మాండెల్లా 2007-2024, లెఫ్టినెంట్ 2024-2389, మేజర్ 2458-3143. ఈ అంకెలు చూడకుండా పేజీ తిప్పేసినవాళ్ళే "గందరగోళంగా ఉంది" అంటారు. చిన్న చీటీ మీద మూడు గళ్ళు గీసుకోండి: హోదా, అతని వయసు, భూమ్మీద సంవత్సరం. భాగం మారినప్పుడల్లా నింపండి. మధ్యలో పోరాటం ఏకపక్షంగా ఉందన్న ఫిర్యాదుకి జవాబు కూడా ఆ చీటీలోనే ఉంటుంది. ఎదురొచ్చే శత్రువు నౌక మన కాలానిదో, మన తర్వాత వందేళ్ళకి తయారైందో ముందుగా తెలీదు. అందుకే ఒకసారి అలవోకగా గెలుస్తారు, ఇంకోసారి చిత్తవుతారు.

ఇంటికొచ్చాక ఏముంటుంది? వడ్డీతో సహా పేరుకుపోయిన జీతం ఉంటుంది. ఆహార కేలరీలే డబ్బుగా చెల్లే భూమి ఉంటుంది. ముసలితల్లి ఉంటుంది. కువైట్ నుంచి ఏడెనిమిదేళ్ళకి వచ్చి రాజోలు బస్టాండులో దిగినవాడికి ఈ అధ్యాయాలు వివరించక్కర్లేదు. బ్యాంకులో డబ్బుంది, వీధిలో పలకరించేవాడు లేడు.

ఇక ముద్రణ సంగతి. ఇదెవరూ చెప్పరు, నష్టమంతా ఇక్కడే. పత్రికలో ధారావాహికగా వస్తున్నప్పుడు, భూమికి తిరిగొచ్చే ఈ మధ్యభాగం మరీ దిగులుగా ఉందని సంపాదకుడు బెన్ బోవా వద్దన్నాడు. హాల్డెమన్ దాని బదులు వేరేది రాశాడు. 1974లో పుస్తకంగా వచ్చినప్పుడూ ఆ మార్చిన రూపమే ఉంది. మొదట రాసినది పూర్తిగా చేర్చిన పాఠం 1997 ముద్రణది. అంటే "మధ్యభాగం తేలిపోయింది" అన్నవారు, "మధ్యభాగం ఏడిపించింది" అన్నవారు చదివింది ఒకే పుస్తకం కాకపోవచ్చు! టైటిల్ వెనక పేజీ చూడండి, ముందున్న రచయిత మాట చదవండి. పాత పుస్తకాల కొట్లో కొనేముందు కూడా ఈ రెండూ చూడండి. ముద్రణ చెప్పని అభిప్రాయాన్ని మధ్యభాగం విషయంలో లెక్కలోకి తీసుకోకండి. ఎంతవరకు చదివారో చెప్పనివారి మాటా అంతే.

అపోహ: సైన్యాన్ని కించపరిచే నవల.

కాదు. రాసినవాడు వియత్నాంలో పనిచేసి గాయపడిన సైనికుడు. కోపం పంపినవాళ్ళ మీద, వెళ్ళినవాళ్ళ మీద కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళో, ఇంటికొకరు సైన్యంలో ఉన్నచోట, "మావాడు సరిహద్దులో ఉన్నాడు, ఇది చదివితే నిద్ర పడుతుందా?" అని అడిగే తల్లిని తేలిగ్గా తీసేయకూడదు. 1997 పాఠంలో రెండో భాగం చివర తల్లి జబ్బు, ఆమెకి దక్కని వైద్యం, ఆ పేజీలే అన్నిటికన్నా బరువు. అవి వస్తాయని తెలిసి తెరవండి, లేదా అక్కడ ఆపి నాలుగురోజులాగి మళ్ళీ తీయండి.

అపోహ: విషాదమంటే చివర్లో హీరో చచ్చిపోతాడు. ముగింపు ఇక్కడ చెప్పను గానీ, ఆ లెక్కతో చదివితే దెబ్బతింటారు.

అపోహ: ఫిజిక్సు రావాలి. పైన వేసిన ఎక్కం చాలు.

అపోహ: సైన్స్ ఫిక్షన్‌కిచ్చే పెద్ద అవార్డులు హ్యూగో, నెబ్యులా రెండూ వచ్చాయి కాబట్టి అందరికీ నచ్చి తీరాలి. స్త్రీపురుష సంబంధాల గురించీ స్వలింగ ప్రేమ గురించీ ఇందులో ఉన్న చూపు 1970లనాటిది. దాని మీద వచ్చే అభ్యంతరాల్లో చాలావాటికి ఆధారం పుస్తకంలోనే ఉంది, పుకారు కాదు. సైనికుల కథ కదా అని పదో తరగతి పిల్లాడి చేతికి మాత్రం ఇవ్వకండి. శిక్షణ శిబిరం అధ్యాయాల్లోనే పెద్దల వ్యవహారం మొదలవుతుంది, మర్నాడు వాళ్ళ నాన్నగారు పుస్తకం పట్టుకుని కౌంటర్ దగ్గరికొస్తారు.