ఫోనులో థీసిస్ పాఠాలు: అపోహలు – వాస్తవాలు

మెడికల్ పీజీలకు సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) గడువు దగ్గరపడితే మా కమ్యూనిటీ మెడిసిన్ విభాగం గుమ్మం దగ్గర ఒకటే మాట వినిపిస్తుంది: "సార్, పాఠాలన్నీ చూసేశాను. కానీ ఒక్క పేజీ కూడా రాయలేకపోతున్నాను." వరంగల్‌లో పీజీలకు పరిశోధన పద్ధతులు చెప్పడం నా పని. వార్డు డ్యూటీల మధ్య గంట తరగతికి కూర్చునే తీరిక వాళ్లకు ఉండదు కనుక ఐదారు నిమిషాల మైక్రోలెర్నింగ్ పాఠాలు ఫోనుకు పంపుతుంటాను. అవి పనికొస్తాయన్న నమ్మకం నాకు గట్టిగా ఉంది. వాటి చుట్టూ పుట్టిన అపోహలే పిల్లల కొంప ముంచుతున్నాయి.

అపోహ: పాఠాలన్నీ పూర్తిచేస్తే ప్రణాళిక దానంతట అదే తయారవుతుంది.

వాస్తవం: తయారవదు. గట్టున కూర్చుని చూస్తే ఈత రాదు. నేర్చుకున్నది ఎంత త్వరగా చెదిరిపోతుందో జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే చూపించాడు. పాఠం ముగిసిన వెంటనే ఫోను పక్కన పెట్టి, మీ అధ్యయనానికి సంబంధించిన ఒక్క నిర్ణయమైనా కాగితం మీద రాయండి. అది రాయకుండా తర్వాతి పాఠం తెరిస్తే చూసిందంతా వృథా.

నిరుడు మా విభాగం పీజీ అమ్మాయి ఒకరు వచ్చింది. పరకాల వైపు పల్లెల్లో 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఎంత ఉందో తేల్చడం ఆమె అంశం. శాంపిల్ సైజు, అంటే ఎంతమందిని పరీక్షించాలన్న పాఠం చూసింది, సూత్రం నోటికి వచ్చు. సినాప్సిస్‌లో మాత్రం "100 మంది" అని ఉంది. ఎందుకమ్మా అంటే, "సీనియర్లందరూ అంతే పెట్టారు సార్" అంది.

కాగితం చేతికిచ్చి లెక్క వేయమన్నాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో ఆ వయసు స్త్రీలలో రక్తహీనత 57.6 శాతం. సూత్రంలో అది పి. మిగతా 42.4 క్యూ. 95 శాతం నమ్మకంతో చెప్పడానికి వాడే జెడ్ విలువ 1.96. జెడ్ వర్గాన్ని పి, క్యూలతో గుణించి డి వర్గంతో భాగించాలి. మరి డి, అంటే జవాబు ఎన్ని శాతం అటూ ఇటూ అయినా ఫర్వాలేదన్నది, ఎంత? అక్కడ పెన్ను ఆగిపోయింది. డి 10 అనుకుంటే 94 మంది చాలు, 5 అనుకుంటే 376 మంది కావాలి. ఆమె రాసుకున్న 100 మందితో 57.6 శాతమే వచ్చినా, అసలు సంఖ్య 48కీ 67కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. "ఆ జవాబు నీకు సరిపోతుందా? సరిపోకపోతే ఎన్ని ఇళ్లు తిరగగలవు?" అని అడిగాను. ఏ పాఠమూ ఆమె తరఫున చెప్పలేని సంగతి ఇదే. చాలాసేపు ఆలోచించి డి దగ్గర 7 వేసింది. 192 వచ్చింది. ఇంట్లో దొరకనివాళ్లు, రక్తం ఇవ్వం అనేవాళ్లు ఉంటారు కనుక పదో వంతు కలిపి 212 చేసింది. పేర్ల జాబితా నుంచి నేరుగా ఎంపిక కనుక అంతటితో సరిపోయింది. ఊళ్లకు ఊళ్లు క్లస్టర్లుగా తీసుకుంటే ఒకే ఊరివాళ్లలో పోలికలు ఎక్కువ కనుక డిజైన్ ఎఫెక్టు అనే సంఖ్యతో కూడా గుణించాలి. ఆ సాయంత్రమే ఆమె మెథడ్స్ పేజీ రాసింది.

అపోహ: ముందు డేటా సేకరిద్దాం, లెక్కలు స్టాటిస్టీషియన్ చూసుకుంటారు.

వాస్తవం: కేస్ షీటులో మీరు నమోదు చేయని అంశాన్ని ఆయన ఎక్కడి నుంచి తెస్తారు? డేటా తీయకముందే ఆయన దగ్గరికి వెళ్లండి.

అపోహ: బీసీబీఆర్ (బయోమెడికల్ పరిశోధన ప్రాథమిక కోర్సు) పాసైతే ఎథిక్స్ కమిటీ అడ్డు చెప్పదు.

వాస్తవం: భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కింద చెన్నైలో ఉన్న జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ (ఎన్‌ఐఈ) నడిపే ఆ కోర్సు మంచిదే, శ్రద్ధగా చేయండి. కమిటీ మాత్రం మీ ప్రోటోకాల్‌నూ సమ్మతి పత్రాన్నీ చూస్తుంది. "యాదృచ్ఛికీకరణ" అని రాసిన పత్రం మీద ములుగు నుంచి వచ్చిన రోగి ఏం అర్థం చేసుకుని వేలిముద్ర వేస్తాడు? "మీకు ఏ మందు ఇవ్వాలన్నది చీటీ తీసినట్టు నిర్ణయిస్తాం" అని రాయండి.

అపోహ: ట్రయల్ అయితే సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) తర్వాత నమోదు చేసుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు కావాలి. వాట్సాప్ గ్రూపుల్లో ఈ పుకారు ఇప్పటికీ తిరుగుతోంది, దయచేసి ఆపండి.

అపోహ: పది శాతం వరకు కాపీ కొట్టవచ్చు.

వాస్తవం: కాకతీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసే మిత్రులూ ఇదే అడుగుతారు. 2018 యూజీసీ నిబంధనల్లో పది శాతం లోపు పోలికకు శిక్ష లేదు, అంతే. కాపీకి అనుమతి అని ఎక్కడా లేదు.

రాత్రి డ్యూటీ దిగి, తోటివాళ్లందరూ ముందుకెళ్లిపోయారని గుబులుపడే పిల్లలను చూస్తే మనసు కలుక్కుమంటుంది. వాళ్లూ మీలాగే మొదటి పేజీ దగ్గర ఆగి ఉన్నారు. గడువు ముంచుకొచ్చేదాకా ఆగకుండా, అంశం తట్టిన వారంలోనే మీ పరిశోధన ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకుని మా విభాగానికి రండి. తప్పులున్నా సరే, కూర్చుని దిద్దుకుందాం.