చిట్టి సంగతి

కావలి,
ఏప్రిల్ నెల

పిల్లకాయలూ,

మే నెలలో అరకు పోదామని నాన్న, మన కుక్క చిట్టిని కూడా తీసుకుపోదామని మీరు, వద్దని అమ్మ. ఇంట్లో రోజూ ఇదే గొడవని మొన్న ఫోన్లో చెప్పారు. తాతయ్య ఎట్లా అంటే అట్లా చేస్తామన్నారు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

ముందు రైలు. నాన్న థర్డ్ ఏసీ టికెట్లు తీశాడు కదా, అందులో కుక్కను ఎక్కనివ్వరు. సెకండ్ ఏసీ, స్లీపర్ కూడా అంతే. మన పక్కనే ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో ఇద్దరి కూపేగానీ నలుగురి క్యాబిన్‌గానీ మొత్తం మనమే తీసుకోవాలి. పార్సిల్ ఆఫీసులో దానికి వేరే బుకింగ్, టీకాల కాగితాలు అదనం. అది కుదరకపోతే గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో కుక్కల డబ్బా ఒకటి ఉంటుంది, అందులో వేస్తారు. ఒంగోలు స్టేషన్లో ఒకసారి ఆ డబ్బా దగ్గర నిలబడి చూశాను. చువ్వల సందులోంచి మూతి మాత్రం బయటికి పెట్టి ఉంది ఒక నల్ల కుక్క. దాని యజమాని ముందు బోగీలోంచి దిగి నీళ్ళ సీసా పట్టుకుని ప్లాట్‌ఫాం పొడుగునా పరిగెత్తుకొచ్చాడు. ఆయన చేరేలోపే బండి కదిలింది. ఎండాకాలంలో చిట్టిని అట్లా పంపడానికి నేను ఒప్పుకోను.

కారులో పోదామంటారేమో. విశాఖకే 600 కిలోమీటర్లు దాటుతుంది, ఆ తర్వాత ఘాట్ రోడ్డు. మైపాడు బీచికి పోయేలోపే చిట్టి రెండుసార్లు కక్కుకుంది, గుర్తుందా? సరే, ఎట్లాగో చేరారనుకోండి. బొర్రా గుహలు చూడడానికి మీరు దిగితే దాన్ని ఎక్కడ పెడతారు? కారులోనే కదా. ఇక్కడ జాగ్రత్తగా చదవండి. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల కింది మెత్తల్లో కాస్త పడుతుంది. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాను. చుట్టూ గాలే సెగలు కక్కుతుంటే ఆ ఫ్యాను పనిచేయదు. ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో పది నిమిషాలకే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. దారిలో 42 డిగ్రీల ఎండలో హోటల్ ముందు ఆపి మీరు భోంచేస్తుంటే లోపల 50 దాటిపోతుంది. చిట్టి ఒళ్ళు మామూలుగానే 38, 39 డిగ్రీలుంటుంది. 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది. అద్దం రెండు వేళ్ళు దించి పెట్టాం కదా అనుకుంటారు చాలామంది. దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

కుక్కలన్నీ ఇంతేనని కాదు. మా పక్కింటి వాళ్ళది కారు తలుపు తీస్తే చాలు, అందరికంటే ముందెక్కి కూర్చుంటుంది. దాన్ని వదిలి పోతేనే తప్పు. మన చిట్టి అట్లాంటిది కాదు.

అయితే వదిలిపోవడం కూడా తేలిక కాదు. మీ అమ్మ స్కూల్లో చదివేటప్పుడు మాకు రాజు అనే కుక్క ఉండేది. మేం కాశీకి పన్నెండు రోజులు పోతూ, తెలిసినాయనకు డబ్బులిచ్చి రోజూ అన్నం పెట్టమన్నాం. ఆయన పెట్టాడు కూడా. కానీ రాజుకు ఆయనెవరో తెలియదు. తిరిగొచ్చేసరికి గొలుసు గుంజి గుంజి మెడ చుట్టూ పుండు పడింది, డొక్కలు తేలాయి. నన్ను చూసి మొరగలేదు. పాక్కుంటూ వచ్చి కాలి మీద గడ్డం ఆనించి పడుకుంది. తప్పు అన్నం పెట్టినాయనది కాదు, నాది. నాలుగు రోజుల ముందే ఆయన చేత పెట్టించి ఉంటే సరిపోయేది.

డబ్బులు తీసుకుని కుక్కల్ని ఉంచుకునే చోట్లు ఇప్పుడు ఉన్నాయి. టీకాల కాగితం అడగని చోట మాత్రం వదలొద్దు. మన కాగితం అడగలేదంటే పక్క కుక్కదీ అడగలేదనే అర్థం. పార్వో అనే వైరస్ జబ్బు, గోమార్లు అట్లాంటి చోటే అంటుకుంటాయి. ఇక సెలవులకు పోతూ ఊరి బయట వదిలేసి పోయేవాళ్ళున్నారు చూడండి, తిండీ నీళ్ళూ లేక బాధపడేట్టు జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టం లేకపోయినా అది చేయకూడని పని.

అందుకని చిట్టిని నా దగ్గర ఉంచండి. కానీ నేరుగా ప్రయాణం రోజు తెచ్చి దింపొద్దు. ముందు రెండు ఆదివారాలు తీసుకురండి. ఎండెక్కకముందే, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు బయల్దేరండి. మొదటి ఆదివారం నేనే అన్నం పెడతాను, మీరు పక్కన కూర్చోండి. రెండోసారి మీరు గంటసేపు బజారుకు పోయి రండి. ఏటా వేసే రేబిస్ టీకా, మిగతావి ఏమైనా బాకీ ఉంటే ఈ వారమే వేయించండి. టీకా పనిచేయడానికి రెండు వారాలైనా పడుతుంది. డాక్టర్ ఫోన్ నంబరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి.

అమ్మమ్మ దానికి చేపల పులుసు అన్నం పెడతానని అంటోంది, నేను వద్దన్నాను. ఉల్లిపాయ కుక్కల రక్తానికి చెడుపు, ముళ్ళ భయం వేరే. అక్కడ ఏం తింటుందో ఇక్కడా అదే.

వెళ్ళేరోజు మెడ పట్టుకుని ఏడవొద్దు. మీ కంగారు దానికీ అంటుకుంటుంది. మామూలుగా స్కూలుకు పోయినట్టు పొండి. ఇంకో ముఖ్యమైన మాట, అది పడుకునే పాత దుప్పటి తెచ్చేటప్పుడు అమ్మ ఉతకాలని చూస్తుంది. ఉతకనివ్వొద్దు. మీ వాసన దాన్లోనే ఉంటుంది.

ఉంటాను,
తాతయ్య