బంతి 25 మీటర్లు ఎక్కుతుందా? విచక్షణిని అడగండి

ఇంటర్ చదివే కుర్రాడొకడు అడిగాడు: "వర్గ ప్రమేయానికి రేంజ్ కావాలంటే మైనస్ బి బై 2ఏ పెట్టేస్తే అయిపోతుంది కదండీ, మళ్ళీ ఈ విచక్షణి గోల ఎందుకు?"

ఏఎక్స్² + బిఎక్స్ + సి అనే వర్గ ప్రమేయానికి రేంజ్ అంటే అది తీసుకోగల విలువలన్నీ; విచక్షణి అంటే బి² − 4ఏసి, అది రుణమైతే వర్గ సమీకరణానికి వాస్తవ జవాబే ఉండదు. ఇక కుర్రాడి మాటకొస్తే, అయిపోతుంది, నిజమే. మార్కులూ పడతాయి. కానీ ఆ మైనస్ బి బై 2ఏ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో మాత్రం తెలీదు.

దీని గ్రాఫు, అంటే పరావలయం, ఎలా గీయాలో పుస్తకంలో ఉంది, దాని జోలికి పోను. ఒక బంతిని నిట్టనిలువుగా సెకనుకి 20 మీటర్ల వేగంతో విసిరామనుకోండి. గాలిని పట్టించుకోకుండా, గురుత్వ త్వరణం 10 అనుకుంటే, టి సెకన్లకి ఎత్తు 20టి − 5టి². ఇప్పుడు కాలాన్ని వదిలేసి ఒక్కో ఎత్తునీ పట్టుకుని "నీ దగ్గరికి బంతి ఎప్పుడొచ్చింది?" అని అడుగుదాం. 15 మీటర్ల ఎత్తు రెండుసార్లు అంటుంది: పైకెళ్తూ 1 సెకనుకి, దిగుతూ 3 సెకన్లకి. 18.75 మీటర్ల దగ్గర 1.5కి, 2.5కి. చూశారా, రెండు జవాబులూ 2కి అటూ ఇటూ సమాన దూరంలోనే ఉంటూ దగ్గరవుతున్నాయి! 20 మీటర్ల దగ్గర రెండూ కలిసిపోయి ఒక్క 2 మిగులుతుంది. ఆ కలిసిపోయే చోటే మీ మైనస్ బి బై 2ఏ. ఇక 25 మీటర్లంటే టి² − 4టి + 5 = 0, విచక్షణి 16 − 20, అంటే మైనస్ 4, కాబట్టి బంతి అక్కడికి రానే రాదు. విచక్షణి సున్నాగానీ ధనంగానీ అయ్యే ఎత్తులన్నీ కలిపితే అదే వ్యాప్తి, అంటే రేంజ్: 20, అంతకు తక్కువవన్నీ. అయితే బంతి 4 సెకన్లకి నేలకి తగులుతుంది కాబట్టి దాని వరకు 0 నుంచి 20 మాత్రమే. ప్రదేశం, అంటే ప్రమేయంలో వేయదగ్గ విలువలేవో, చూడకుండా రేంజ్ రాసేయడం మన క్లాసుల్లో పాత జబ్బు.

షార్ట్‌కట్ చేతులెత్తేసే చోటు కూడా చూపిస్తాను. ఎక్స్² − ఎక్స్ + 1 ని ఎక్స్² + ఎక్స్ + 1 తో భాగించండి. ఇక్కడ మైనస్ బి బై 2ఏ దేనికి పెడతారు? ఆ విలువని వై అనుకుని అదే ప్రశ్న అడిగితే (వై − 1)ఎక్స్² + (వై + 1)ఎక్స్ + (వై − 1) = 0 వస్తుంది, దాని విచక్షణి (3 − వై)(3వై − 1), అది రుణం కాకూడదంటే వై 1/3 నుంచి 3 లోపే ఉండాలి. వై 1 అయినప్పుడు వర్గ పదమే ఎగిరిపోతుంది, దాన్ని విడిగా చూడాలి. ఎక్స్ సున్నా వేస్తే 1 వస్తుంది కాబట్టి గొడవ లేదు.