అక్రిలేట్ అలర్జీ: అపోహలు - వాస్తవాలు

నల్గొండలో చర్మవైద్యునిగా నేను చూసే చేతి దురదల్లో సబ్బుపొడి, సిమెంట్ వల్ల వచ్చేవే ఎక్కువైనా, జెల్ నెయిల్ పాలిష్, కృత్రిమ గోళ్లు, కట్టుడు పళ్ల తయారీలో వాడే అక్రిలేట్ రసాయనాలను కూడా ఇప్పుడు అనుమానించవలసి వస్తోంది.

అపోహ: వంకాయ, గోంగూర తినడం వల్లనే వేళ్లు పగులుతున్నాయి.

వాస్తవం: పళ్ల సెట్లు తయారుచేసే ఒక యువకుడు ఏడాదిపాటు వంకాయ ముట్టకుండా పత్యం చేసి, ఫలితం లేక నా దగ్గరికి వచ్చారు. రెండు చేతుల్లోనూ బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కొసలు మాత్రమే ఎండిన చెరువుమట్టిలా నెర్రెలు విచ్చి ఉన్నాయి. చిటికెనవేళ్లకు ఏమీ కాలేదు. పని ఎలా చేస్తారో చూపమంటే, పొడిలో మోనోమర్ (ఇంకా గట్టిపడని అక్రిలేట్) ద్రవం పోసి, ముద్దయ్యాక దానిని సరిగ్గా ఆ మూడు వేళ్లతోనే నొక్కుతానని చూపించారు. తిండి వల్ల వచ్చే వ్యాధి ఇలా వేళ్లను ఏరుకోదు.

అపోహ: అక్రిలిక్ వస్తువులన్నీ ప్రమాదకరమే.

వాస్తవం: అలర్జీ కలిగించేది ప్రధానంగా గట్టిపడక ముందున్న మోనోమర్, పూర్తిగా గట్టిపడిన ప్లాస్టిక్‌తో అలర్జీ అరుదు. అయితే దీపపు వెలుగుతో గట్టిపడే జెల్‌కు సరిపడని దీపం వాడినా, చాలినంతసేపు వెలుగు తగలకపోయినా పైకి గట్టిగా కనిపించే పూత అడుగున మోనోమర్ మిగిలిపోతుంది. ఇంట్లో కిట్లు తెప్పించుకుని సొంతంగా వేసుకునేవారికి, ముఖ్యంగా జెల్ గోటి చుట్టూ చర్మానికి అంటుకున్నప్పుడు, ఈ ముప్పు ఎక్కువ.

అపోహ: గోళ్ల రంగుకూ కనురెప్పల దురదకూ సంబంధం లేదు.

వాస్తవం: ఉంది. రెప్పల చర్మం పలుచన, వేళ్లు వాటిని రోజుకు ఎన్నిసార్లు తాకుతాయో మనకే తెలియదు.

అపోహ: గ్లవ్స్ వేసుకుంటే చాలు.

వాస్తవం: పలుచని లేటెక్స్, వినైల్ గ్లవ్స్ గుండా మోనోమర్ నిమిషాల్లోనే దూరిపోతుంది. నైట్రైల్ కొంత మేలైనా, ద్రవం పడిన వెంటనే మార్చాలి. అసలు చేయి తగలకుండా గరిటెతో కలపడమే మంచిది.

అపోహ: ఏళ్లుగా వాడుతున్నదానికి అలర్జీ రాదు, వచ్చినా రక్తపరీక్షలో తెలుస్తుంది.

వాస్తవం: ఏళ్లు గడిచాకే రావచ్చు. ఇది తాకిన ఒకటి రెండు రోజులకు బయటపడే అలర్జీ కనుక రక్తపరీక్ష పనికిరాదు, ప్యాచ్ టెస్ట్ కావాలి. అనుమానిత రసాయనాలు పెట్టిన పట్టీలను వీపుకు అంటించి, 48 గంటలకు తీసి, నాలుగో రోజున, కొన్నిసార్లు ఏడో రోజున కూడా మళ్లీ చూస్తాం. మన మే నెల చెమటకు పట్టీలు నిలవవు కాబట్టి, ఆగగలిగినవారిని చలికాలం దాకా ఆగమంటాను. ఐరోపా వైద్యులు అక్రిలేట్ల కుటుంబానికి చెందిన హైడ్రాక్సీఇథైల్ మెథాక్రిలేట్‌ను 2019లో తమ ప్రాథమిక పరీక్షల జాబితాలో చేర్చారు.

పరీక్షలో అలర్జీ తేలినవారి చీటీపై ఆ రసాయనం పేరు పెద్ద అక్షరాలతో రాసిస్తాను. పంటి పూరకం, కీలుమార్పిడిలో వాడే ఎముక సిమెంట్, చేతికి అంటించే షుగర్ సెన్సర్ వంటి వాటిలోనూ అక్రిలేట్లు ఉండవచ్చు కనుక, వాటికి వెళ్లేముందు ఆ చీటీని చూపించమంటాను.