సెప్టెంబర్ 2, అక్టోబర్ 2: కర్నూలు జ్ఞాపకాలు

కర్నూలులో నలభై దాటిన వాళ్లను ఎవరినైనా అడిగి చూడండి, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కనిపించకుండా పోయిన 2009 సెప్టెంబర్ 2న ఎక్కడున్నారని. తడుముకోరు. "కలెక్టరాఫీసు ముందర జిరాక్స్ తీయించుకుంటుంటిని సార్, షాపాయన టీవీ సౌండు పెంచినాడు" అని మొదలుపెడతారు. జిరాక్స్ దేనికో, షాపాయన పేరేమిటో కూడా చెబుతారు. దానికి రెండు రోజుల ముందు ఏం చేశారంటే మాత్రం తెల్లమొహం వేస్తారు.

ఇలాంటి వాటికి 1977లో రోజర్ బ్రౌన్, జేమ్స్ కులిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కెమెరా ఫ్లాష్ వెలిగిన క్షణంలో పడ్డ ఫోటోలాంటివని 'ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకాలు' అని పేరు పెట్టారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్య వార్త తమకు ఎవరు చెప్పారో, అప్పుడు ఏం చేస్తున్నారో అమెరికన్లు ఏళ్ల తర్వాత కూడా పూస గుచ్చినట్టు చెప్పడం చూసి, అంతటి దెబ్బ తగిలిన క్షణాన్ని మెదడు ఉన్నదున్నట్టు అచ్చు వేసుకుంటుందని వాళ్లు అనుకున్నారు.

ఆ ఆలోచనకు ఆధారం లేకపోలేదు. టెన్షన్ పడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. దాంతో మెదడులో భయం లాంటి ఉద్వేగాలను చూసుకునే అమిగ్డాలా అనే భాగం చురుగ్గా మారి, పక్కనే ఉన్న, జ్ఞాపకాలను తయారుచేసే హిప్పోక్యాంపస్ ఆ జ్ఞాపకాన్ని గట్టిపరిచేలా చేస్తుంది.

చిక్కల్లా అచ్చు దగ్గరే. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయి ఏడుగురు చనిపోయారు. మర్నాడే అల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ అనే మనస్తత్వ పరిశోధకులు విద్యార్థుల చేత వార్త ఎలా తెలిసిందో రాయించి దాచారు. రెండున్నరేళ్లకు వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగితే, నాలుగో వంతు మంది చెప్పిన ముఖ్య వివరాల్లో ఒక్కటీ పాత కాగితంతో కలవలేదు. ధీమా మాత్రం దండిగా ఉంది. సొంత చేతిరాత చూపించినా అసలు జ్ఞాపకం తిరిగి రాలేదు. నాకు ఇందులో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇంకొకటి. మొదట మనుషుల నోట విన్నామని రాసినవాళ్లు కొందరు, తర్వాత టీవీలోనే చూశామన్నారు. ఆ దృశ్యాన్ని టీవీలో అన్నిసార్లు చూశాక, మొదటిసారి కూడా అక్కడే చూసినట్టు అయిపోయింది.

మన జిరాక్స్ షాపు టీవీని కూడా కాస్త అనుమానించాలి మరి. ఆ ఉదయం 8:38కి బేగంపేట నుంచి చిత్తూరుకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ 9:30 ప్రాంతంలో జాడ తెలియకుండా పోయింది. నల్లమలలో పావురాలగుట్ట దగ్గర అది కూలిన చోటు బయటపడింది మర్నాటి ఉదయం. అంటే 2వ తేదీ పగలంతా ఉన్న వార్త 'ఆచూకీ లేదు' అనే. అయినా ఆ షాపులో నిలబడే మరణవార్త విన్నానని ఎవరైనా ఒట్టేసి చెబితే నేను ఆశ్చర్యపోను. 1984 అక్టోబర్ 31 కూడా ఇలాంటిదే: ఇందిరాగాంధీ మీద కాల్పులు ఉదయం జరిగితే, మరణాన్ని ఆకాశవాణి ప్రకటించింది సాయంత్రం. ఫ్లాష్ వెలగడానికి ఒక్క క్షణమంటూ ఉండాలి కదా. ఈ వార్తలు విడతలు విడతలుగా వచ్చాయి. ఆ విడతలన్నిటినీ జ్ఞాపకం ఒకే క్షణంలోకి కుదించేస్తుంది.

కర్నూలుకు ఇంకో తేదీ కూడా ఉంది. సరిగ్గా నెలకు, అక్టోబర్ 2న, తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరిని ముంచెత్తాయి. మొదటిది విన్న వార్త, రెండోది ఒంటి మీదికి వచ్చిన నీళ్లు. ఈ తేడాను కూడా నైసర్ బృందం పరిశీలించింది. 1989 అక్టోబర్ 17న కాలిఫోర్నియాలో లోమా ప్రియేటా భూకంపం వచ్చింది. ఏడాదిన్నర తర్వాత అడిగితే, ఆ కుదుపులో ఉన్నవాళ్లు తమ అనుభవాన్ని దాదాపు తప్పు లేకుండా చెప్పారు. ఎక్కడో అట్లాంటాలో ఆ వార్త విన్నవాళ్లు, దాన్ని ఎలా విన్నారన్నదే పొరపాటుగా చెప్పారు. భయం తీవ్రతే కారణమనుకోవద్దు, కాలిఫోర్నియాలో చాలామంది అంతగా భయపడలేదనే చెప్పారు. ఎవరి భూకంపం కథ వాళ్లు పదిమందికీ పదే పదే చెప్పుకోవడం దాన్ని నిలబెట్టి ఉంటుందని నైసర్ ఊహ.

చెప్పుకోవడం వల్ల కథ నిలబడొచ్చు, పక్కవాడి వివరం వచ్చి మన కథలో కలవనూవచ్చు. అందుకే వరద రోజుల ముచ్చట్లు రికార్డు చేయాలనుకునే కర్నూలు పిల్లలు, ఒకే మేడ మీద తలదాచుకున్న ఇంటివాళ్లను ముందు విడివిడిగా అడిగి, ఆ తర్వాత అందరినీ కలిపి కూర్చోబెడితే మంచిది. ఎవరి మాట ఎవరి జ్ఞాపకంలోకి వచ్చి చేరిందో అప్పుడు కొంతైనా బయటపడుతుంది.